లెక్క అడిగిన దివాను – మొదటి సాలార్‌జంగు

సాలార్‌జంగు పేరు వినగానే విద్యార్థులు హైదరాబాదులోని వస్తు ప్రదర్శనశాలను తలచుకొందురు. ఆ సేకరణలో అధికభాగము మూడవ సాలార్‌జంగు కూర్చినది. మేము ఇచట చెప్పబూనినది ఆయన తాతగారి చరిత్ర.

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో జన్మించినారు. తండ్రి సోదరుడైన సిరాజుల్ ముల్కు మరణింపగా 1853లో, 24 ఏండ్ల ప్రాయమున, నిజాము దివానైనారు. అప్పటికే బేరారు ఆంగ్లేయుల పాలైనది. అప్పుల క్రింద పెక్కు తాలూకాలు సాహుకారుల చేతను, అరబ్బు జమాదారుల చేతను తాకట్టు పడియున్నవి. శిస్తు వసూలు గుత్తకిచ్చెడివారు. గుత్తేదారు రైతునుండి ఎంత రాబట్టెనో, ఎంత మిగుల్చుకొనెనో దివానునకే తెలియదు.

ఆయన లెక్క అడిగినారు. తాకట్టు తాలూకాలను క్రమముగా విడిపించి, జీతముపై తాలూక్‌దారులను నియమించినారు. 1864లో రెవెన్యూ బోర్డు, 1865లో జిలాబందీ వచ్చినవి. ఆయన కాలమున నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రము. ఆ గౌరవము పిదప మహబూబ్‌నగరునకు తరలి, 2016లో గాని మరల దక్కలేదు. 1868లో రెవెన్యూ, న్యాయము, పోలీసు మొదలగు శాఖలకు నలుగురు సదరుల్ మహాములను నియమించుటతో ఏ శాఖకు ఎవరు జవాబుదారో తేలినది. నేడు వ్యాపార సంస్థలు కంప్యూటరు తెరపై స్కోరుకార్డులు పెట్టి శాఖలవారీగా ముఖ్యమైన అంకెలను చూచుకొనుచున్నవి. దివానుగారు కాగితముపై కోరినదియు ఇంచుమించు అదియే. తరువాత మౌల్వీ చిరాగ్ అలీ ఆ పాలనను నాలుగు సంపుటములలో గ్రంథస్థము చేసినపుడు పట్టికలకు కొదువ లేకపోయెను.

అయినను ఆ పట్టికలు మన ఊళ్ళ పొలిమేరలో ఆగిపోయినవి. గద్వాల, వనపర్తి సంస్థానములు పేష్కష్ చెల్లించి తమ లెక్కలు తామే చూచుకొనెడివి. నడిగడ్డ రైతు కట్టిన శిస్తు దివాను కచేరీకి తెలియదు. పేష్కష్ అంకె ఒక్కటే తెలియును. దివానీ గ్రామములలోనైనను పట్వారీ తెలుగున వ్రాసిన లెక్క పైకి పోవుకొలది పారసీ అయ్యెడిది. సాలార్‌జంగు పారసీని విడువనొల్లలేదు. ఉర్దూ సైతము ఆయన అనంతరమే కచేరీ భాషయైనది. పైనున్న అంకె తప్పైనచో రైతు చదివి ఇది కాదని చెప్పు వీలు లేదు. మాకు ఇది ఆయన పాలనలోని పెద్ద లోపముగా తోచును. తెలుగు బోధించువారము గనుక మా పక్షపాతమని కొందరనవచ్చును, అననిండు.

రాయచూరు అంతర్వేది 1860లో తిరిగి వచ్చినది. బేరారు కొరకు ఆయన ఎంతో శ్రమించినారు, 1876లో ఇంగ్లండునకును వెళ్ళినారు. అది మాత్రము రాలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి మరణించినారు. దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి కలదు.