గాలిలో దీపం పెట్టిందెవరు? ఒక పాట, దాని వెనక మార్లిన్ మన్రో జీవితం

1997 సెప్టెంబర్ 6, శనివారం. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ముందురోజే కలకత్తాలో మదర్ థెరెసా కన్నుమూశారు. ఆ దుఃఖంలో ఉండగానే లండన్ నుంచి ప్రిన్సెస్ డయానా అంత్యక్రియలు ప్రత్యక్ష ప్రసారం. పారిస్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఆమెతో పాటు చనిపోయిన డోడీ ఫయేద్‌కు ఆగస్టు 31 రాత్రే లండన్ రీజెంట్స్ పార్క్ మసీదులో జనాజా నమాజ్ చదివి ఖననం చేశారు. డయానా అంత్యక్రియలు మాత్రం వారం తర్వాత, ప్రపంచమంతా చూస్తుండగా జరిగాయి.

వెస్ట్‌మినిస్టర్ అబేలో గాయకుడు ఎల్టన్ జాన్ పియానో ముందు కూర్చుని ఒక పాట పాడారు. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా ఆ రాగం గొంతులో అడ్డుపడింది. రికార్డుగా విడుదలయ్యాక ఆ పాట సుమారు 3 కోట్ల 30 లక్షల కాపీలు అమ్ముడైంది. వచ్చిన డబ్బు డయానా పేరిట పెట్టిన సేవా నిధికి వెళ్లింది.

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పాట మొదట డయానా కోసం పుట్టలేదు. అంతకు 24 ఏళ్ల ముందు, 1973లో, మరో స్త్రీని తలచుకుని రాసిన పాట అది. మాటలు మార్చి డయానాకు పాడారు. ఆ మొదటి స్త్రీ హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో. చనిపోయేనాటికి ఇద్దరి వయసూ 36. మన మధుబాల వెళ్లిపోయింది కూడా 36కే.

పాట పేరు 'క్యాండిల్ ఇన్ ది విండ్'. గాలిలో కొవ్వొత్తి అని అర్థం. ఇలాంటి మాట మనకు కొత్తేం కాదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు, అని మన పెద్దలు అంటుంటారు. ఆ సామెతలో తప్పు దీపానిది కాదు, గాలిదీ కాదు. దీపాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టినవాళ్లది. మార్లిన్ కథ చదువుతుంటే ఆ సామెతే గుర్తొస్తుంది.

తల్లి ఉండీ యతీంఖానాలో

ఆమె అసలు పేరు నార్మా జీన్. 1926 జూన్ 1న లాస్ ఏంజిలిస్ ప్రభుత్వాసుపత్రిలో పుట్టింది. తల్లి గ్లాడిస్ ఒక ఫిలిం ల్యాబ్‌లో నెగటివ్‌లు కత్తిరించే పని చేసేది. తండ్రి ఆ పిల్లను తన బిడ్డగా దగ్గరికి తీసుకోలేదు. ఒంటరిగా పెంచే స్తోమత లేక, పుట్టిన కొద్ది రోజులకే తల్లి ఆమెను వేరే కుటుంబానికి అప్పగించి, వాళ్లకు డబ్బు కట్టింది.

ఏడేళ్ల వయసులో ఒక చిన్న వెలుగు. 1933లో తల్లి ఎలాగో ఒక ఇల్లు సమకూర్చుకుని కూతుర్ని తెచ్చుకుంది. నెలలు గడవకముందే, 1934 మొదట్లో ఆమెకు మతి చలించింది. తీవ్రమైన మానసిక జబ్బని డాక్టర్లు తేల్చారు. అప్పటి నుంచి ఆమె జీవితం ఎక్కువగా ఆసుపత్రుల్లోనే గడిచింది. తల్లి స్నేహితురాలు గ్రేస్ ఆ పిల్లకు చట్టపరంగా సంరక్షకురాలైంది గానీ, తన దగ్గరే ఉంచుకోలేకపోయింది. 1935లో, తొమ్మిదేళ్ల పిల్లను యతీంఖానాలో చేర్చారు. తల్లి బతికుండగానే యతీం అయిన పిల్ల ఆమె. అక్కడి నుంచి ఒకరి ఇంట్లో కొన్నాళ్లు, మరొకరి ఇంట్లో కొన్నాళ్లు.

1942లో గ్రేస్ కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. నార్మా జీన్‌ను వెంట తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. మళ్లీ యతీంఖానాకు పంపాలి, లేదంటే పెళ్లి చేసేయాలి. పక్కింటి అబ్బాయి జేమ్స్ డోహర్టీ ఉన్నాడు. వయసు 21. ఆమెకు పదహారు నిండి పద్దెనిమిది రోజులు. జూన్ 19న పెళ్లి జరిగిపోయింది. బడి అక్కడితో ఆగింది. అమ్మాయి భారం దించుకోవడానికి పెళ్లిని దారి చేసుకోవడం ఎక్కడైనా ఒకేలా ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం.

ఫ్యాక్టరీ నుంచి తెర మీదికి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. భర్త ఓడల మీద పనికి సముద్రం దాటి వెళ్లాడు. ఆమె యుద్ధానికి కావలసిన చిన్న విమానాలు తయారుచేసే రేడియోప్లేన్ ఫ్యాక్టరీలో కూలికి చేరింది. పనిచేస్తున్న మహిళల ఫోటోలు తీయడానికి సైన్యం పంపిన ఫోటోగ్రాఫర్ డేవిడ్ కనోవర్ కళ్లలో ఆమె పడింది. అక్కడి నుంచి మోడలింగ్. జుట్టు రంగు మార్చారు. 1946లో ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ సంస్థ కాంట్రాక్టు ఇచ్చింది. పేరు కూడా మార్చారు. మార్లిన్ అనే పేరు స్టూడియో మనిషి సూచించింది, మన్రో ఆమె తల్లి పుట్టింటి పేరు. అదే ఏడాది విడాకులూ అయ్యాయి.

ఏడాదికే కాంట్రాక్టు పోయింది. చేతిలో డబ్బు లేని రోజుల్లో, 1949లో, ఒక క్యాలెండర్ కోసం పరువైన ఇంట్లో గోడకు పెట్టుకోలేని ఫోటోలు దిగింది. దానికి ముట్టింది 50 డాలర్లు. మూడేళ్ల తర్వాత ఆమె పేరు తెచ్చుకున్నాక ఆ క్యాలెండర్ బయటపడింది. స్టూడియో వణికిపోయింది. ఆమె మాత్రం దాచలేదు. ఇల్లు గడవక చేశానని ఒప్పుకుంది. జనం ఆమెనే నమ్మారు. ఆ క్యాలెండర్ అమ్ముకున్నవాళ్లు, 1953లో అందులోని ఫోటోతో పత్రిక మొదలుపెట్టినవాళ్లు బాగానే సంపాదించారు. ఆమెకు మాత్రం ఆ 50 డాలర్లే.

1953 ఆమె సంవత్సరం. 'నయాగరా', 'జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్', 'హౌ టు మ్యారీ ఎ మిలియనేర్' వరసగా వచ్చాయి. ప్రపంచమంతా పేరు మారుమోగింది. కానీ పాత కాంట్రాక్టు ప్రకారం ఆమెకు వచ్చేది వారానికి ఇంత అని లెక్కగట్టిన జీతమే. రెండో సినిమాలో పక్కన నటించిన జేన్ రస్సెల్‌కు అంతకు ఎన్నో రెట్లు ముట్టింది. పైగా ప్రతి సినిమాలోనూ అదే అమాయకపు, బుర్ర తక్కువ పిల్ల వేషం.

తన పేరు తనకు కావాలని

పాట విన్నవాళ్లు ఆమెను గాలి ఎటు వీస్తే అటు ఊగిన బలహీనురాలు అనుకుంటారు. జీవితం చూస్తే అలా లేదు.

1954 జనవరిలో నచ్చని సినిమా చేయనని స్టూడియోకు ఎదురు తిరిగింది. వాళ్లు సస్పెండ్ చేశారు. అదే నెలలో బేస్‌బాల్ వీరుడు జో డిమాజియోను పెళ్లాడింది. అతను ఆమెను ప్రేమించాడు గానీ, లోకం ఆమెను చూసే చూపు భరించలేకపోయాడు. న్యూయార్క్ వీధిలో జనం గుమిగూడగా గాలికి ఆమె తెల్ల గౌను ఎగిరే సీన్ షూటింగ్ జరిగినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. తొమ్మిది నెలలకే ఆ కాపురం ముగిసింది.

ఆ ఏడాది చివర్లో ఆమె హాలీవుడ్ వదిలి న్యూయార్క్ వెళ్లిపోయింది. ఫోటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టింది. పత్రికలు నవ్వాయి. అంత పేరున్న తార యాక్టర్స్ స్టూడియోలో లీ స్ట్రాస్‌బర్గ్ ముందు శిష్యురాలిలా కూర్చుని నటన నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఫాక్స్ సంస్థే దిగొచ్చింది. ఏడేళ్లలో నాలుగు సినిమాలు, సినిమాకు లక్ష డాలర్లు, దర్శకుడు ఎవరో ఒప్పుకునే హక్కు. ఆ రోజుల్లో స్టూడియోను వంచి ఇలాంటి షరతులు రాయించుకోవడం మగ హీరోలకే కష్టం.

ఆ ఏడాదే మరో మంచి పని చేసింది. నల్లజాతి గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌కు లాస్ ఏంజిలిస్‌లోని పేరున్న మొకాంబో క్లబ్బులో పాడే అవకాశం రావడానికి తన పలుకుబడి వాడింది. ఆ మేలును ఎల్లా తర్వాతి రోజుల్లో కూడా తలచుకునేది.

1956లో నాటక రచయిత ఆర్థర్ మిల్లర్‌ను పెళ్లాడింది. కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయని అప్పుడు ప్రభుత్వ కమిటీ మిల్లర్‌ను విచారిస్తోంది. అతన్ని వదిలెయ్యమని స్టూడియో వాళ్లు ఒత్తిడి చేశారు. ఆమె వదల్లేదు.

ఆమెకు బిడ్డలంటే ప్రాణం. 1957లో గర్భం నిలవలేదు, 1958లోనూ నిలవలేదు. ఆ దుఃఖం మధ్యలోనే 'సమ్ లైక్ ఇట్ హాట్' పూర్తిచేసింది. ఆ నవ్వుల సినిమాకు గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. తెర మీద నవ్వించిన ఆ మనిషికి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. మాత్రలు అలవాటయ్యాయి. సెట్‌కు గంటల కొద్దీ ఆలస్యం. డైలాగ్ మర్చిపోవడం. వెనక ఉన్న భయాన్ని, జబ్బును ఎక్కువమంది చూడలేదు, పొగరన్నారు.

చివరి ఏడాది

1961 జనవరిలో మిల్లర్‌తో విడాకులు. తర్వాతి నెలలో ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. విశ్రాంతి అనుకుని వెళ్లిన ఆమెను గదిలో పెట్టి తాళం వేశారు. తల్లి గతే తనకూ పడుతుందేమో అన్నది చిన్ననాటి నుంచి ఆమెను వెంటాడిన భయం. కబురందుకుని వచ్చి బయటికి తెచ్చింది డిమాజియో. విడాకులై అప్పటికి ఆరేళ్లు.

1962 మొదట్లో లాస్ ఏంజిలిస్‌లో ఒక చిన్న ఇల్లు కొనుక్కుంది. తన కష్టార్జితంతో, తన ఒక్కదాని పేరు మీద కొన్న మొదటి ఇల్లు. మే 19న న్యూయార్క్‌లో ప్రెసిడెంట్ కెనడీ పుట్టినరోజు వేడుకలో పాడింది. జూన్‌లో, షూటింగ్‌కు రావడం లేదని ఫాక్స్ ఆమెను సినిమా నుంచి తీసేసింది. ఆగస్టు 4 రాత్రి ఆ కొత్త ఇంట్లోనే, తలుపు మూసిన గదిలో ఆమె చనిపోయింది. నిద్రమాత్రలు మోతాదు మించాయని, బహుశా ఆత్మహత్య అని అధికారులు తేల్చారు. కుట్ర అనే పుకార్లు ఏళ్ల తరబడి నడిచాయి. 1982లో మళ్లీ పరిశీలించినప్పుడు కూడా హత్య అనడానికి ఆధారం దొరకలేదు.

అంత్యక్రియల బాధ్యత ముగ్గురు మాజీ భర్తల్లో ఒకడైన డిమాజియోనే మోశాడు. సినిమా పెద్దలను లోపలికి రానివ్వలేదు. కొద్దిమందే వచ్చారు. తర్వాత ఇరవై ఏళ్లపాటు వారానికి మూడుసార్లు ఆమె సమాధికి ఎర్ర గులాబీలు పంపించాడు. ఆమె గురించి పుస్తకం రాయలేదు, డబ్బు చేసుకోలేదు.

దీపం ఆరిన తర్వాత

ఆమె వీలునామాలో ఆసుపత్రిలో ఉన్న తల్లికి ఏటా 5,000 డాలర్లు అందేలా రాసింది. తనను పెంచలేకపోయిన తల్లిని చివరిదాకా మరిచిపోలేదు. బట్టలు, పుస్తకాలు, వస్తువులు స్నేహితులకు పంచమని గురువు స్ట్రాస్‌బర్గ్‌కు వదిలింది. అవి పంచబడలేదు. 1999లో వేలానికి వచ్చాయి. అందులో ఆమె సొంత పుస్తకాలే సుమారు 400. బుర్ర తక్కువ పిల్ల అని లోకం నవ్విన మనిషి ఇంట్లో అన్ని పుస్తకాలు! కెనడీ వేడుకలో వేసుకున్న గౌను ఆ వేలంలో 12 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2016లో అదే గౌను 48 లక్షలు పలికింది. 50 డాలర్లకు ఫోటో దిగిన పిల్ల బట్టకు ఆ ధర.

ఇక పాట సంగతి. దాన్ని రాసిన బెర్నీ టాపిన్‌కు మార్లిన్ చనిపోయేనాటికి 12 ఏళ్లు. రాగం కట్టిన ఎల్టన్ జాన్‌కు 15. ఇద్దరూ ఆమెను ఎన్నడూ కలవలేదు. నిజానికి ఆ పాట ఆమె ఒక్కదాని గురించే కాదని, చిన్న వయసులో పోయిన ఏ తార గురించైనా రాసి ఉండేవాణ్ణని టాపిన్ తర్వాత చెప్పుకున్నారు. అందుకేనేమో, మాటలు మారిస్తే డయానాకూ సరిపోయింది. డయానా కారును పారిస్‌లో వెంటాడింది కూడా కెమెరాలే.

పాట చాలా అందంగా ఉంటుంది, వింటే మనసు బరువెక్కుతుంది. కానీ గాలిని తిట్టి, దీపం ఆరిందని ఏడ్చి ఊరుకుంటే సామెతలో అసలు మాట వదిలేసినట్టే. పదహారేళ్లకు పెళ్లి చేసి చేతులు దులుపుకున్నవాళ్లున్నారు. ఫోటో అమ్ముకున్నవాళ్లున్నారు. జబ్బును పొగరన్నవాళ్లున్నారు. టికెట్ కొని చూసి, బయటికొచ్చి ఆమె నడవడి గురించి గుసగుసలాడినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ఇప్పుడు ప్రతి ఇంట్లో చేతికొక కెమెరా ఉంది. ఎవరి అమ్మాయి ఫోటోనో ఫోన్‌లోకి వస్తుంది, కింద నలుగురు నాలుగు మాటలంటారు, మనం నవ్వుకుని ఇంకొకరికి పంపిస్తాం. అది హాలీవుడ్ తార ఫోటో కానక్కర్లేదు, మన వీధి చివరి కాలేజీ పిల్లదైనా అంతే. ఇంట్లో ఒక పిల్ల వారాల తరబడి నిద్రపోవడం లేదంటే దాన్నీ పొగరు అనో, నాటకం అనో తేల్చేస్తాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లం.

కరెంటు పోయిన రాత్రుల్లో మన నానీలు చిమ్నీ లేని దీపం పట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు రెండో అరచెయ్యి దానికి అడ్డం పెట్టేవాళ్లు. అది వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మార్లిన్ మన్రో చుట్టూ వేల చేతులున్నాయి. అలా అడ్డం పెట్టిన చేతులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.