శాపగ్రస్తుడైనవానిని వెంబడించిన పౌలు



కొన్ని దినముల క్రిందట మేము ఒక యింటికి ప్రార్థనకు పోతిమి. ఆ యింటి తల్లికి ముగ్గురు బిడ్డలు పుట్టి, ముగ్గురును పసితనముననే పోయిరి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఆమె మమ్మును వసారాలోనికి పిలిచి, అయ్యగారూ, మా వంశమునకు శాపమున్నదా అని మెల్లగా అడిగెను. అట్టి మాటలు నమ్మవద్దమ్మా అని తొందరగా చెప్పి మేము సైకిలెక్కి వచ్చివేసితిమి. దారిలో ఆ జవాబు చాలదని మా మనస్సు గద్దించెను. ఎందుకనగా శాపమను మాట బైబిలులో లేనిది కాదు. ఆదికాండము మొదలుకొని ప్రకటన గ్రంథము వరకు ఉన్నది. దాని భావము తెలిసికొనవలెనన్న, ఆ మాటచేతనే బ్రదుకంతయు తలక్రిందులైన ఒక మనుష్యుని చరిత్ర చూచుట మేలని తోచినది. అందుచేత తార్సువాడైన పౌలు జీవితమును ఆ ఒక్క మాట వెంబడి వ్రాయుచున్నాము. అతని ప్రయాణములన్నియు ఇక్కడ వివరింపబోము. అవి సండేస్కూలు పిల్లలకును తెలిసినవే.

అతడు కిలికియలోని తార్సు పట్టణమున పుట్టెను. ఆ పట్టణము ఇప్పుడు తుర్కీ దేశములో నున్నది. మేక వెండ్రుకలతో నేసిన ముతక గుడ్డకు ఆ సీమ పేరుపొందినది. అతడు నేర్చిన చేతిపని డేరాలు కుట్టుట. పుట్టుకతోనే రోమా పౌరుడు. హెబ్రీ పేరు సౌలు, గోత్రము బెన్యామీను. యెరూషలేమునకు వచ్చి గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చి, పరిసయ్యులలో నిష్ఠగలవాడై యుండెను.

ఆ గోత్రమును గూర్చి ఒక సంగతి గమనింపదగినది. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత రెండు కొండలమీద నిలువవలెనని మోషే ఆజ్ఞాపించెను. దీవెన వచనములకు గెరిజీము, శాప వచనములకు ఏబాలు. లేవీయులు పండ్రెండు శాపములను ఒక్కొక్కటిగా బిగ్గరగా పలుకగా ప్రజలందరు ఆమేననవలెను (ద్వితీ. 27). బెన్యామీను గోత్రము నిలువవలసినది గెరిజీముమీద. దీవెన కొండకు చెందిన ఆ గోత్రపువాడే శాపమును గూర్చి అందరికంటె లోతుగా వ్రాసెను.

మన తెలుగులో శాపమను ఒక్క మాటే గాని హెబ్రీ భాషలో ముఖ్యముగా మూడు మాటలు కలవు. ఆరూర్ అనునది దేవుడు న్యాయాధిపతియై పలుకు తీర్పు; ఏదెనులో సర్పముమీదను, తరువాత కయీనుమీదను పడినది అదే. కెలాలా అనగా తేలికచేయుట, హీనపరచుట. హేరెము అనగా మనుష్యుల వాడుకనుండి పూర్తిగా వేరుచేయబడి దేవుని తీర్పునకు అప్పగింపబడినది. యెరికో సొమ్ములో నుండి ఆకాను దొంగిలించినది అట్టిది. యూదులు తమ లేఖనములను గ్రీకు భాషలోనికి మార్చినప్పుడు ఈ హేరెమునకు అనాతెమ అను మాట వాడిరి. ఈ మూడింటిలో ఏదియు మన ఊళ్లలో పొరుగామె కోపముతో మన్నెత్తి పోసి పలుకు శాపనార్థము వంటిది కాదు. బిలామును కూలికి పిలిపించి శపింపుమనిన బాలాకు దానిని అట్టిదే అనుకొనెను గాని దేవుడు ఒప్పలేదు. బైబిలులో శాపము మంత్రము కాదు. నిబంధనను మీరినవానిపై దేవుడిచ్చు తీర్పు.

సౌలు ఈ లేఖనములన్నియు ఎరిగినవాడు. వాటిలో ఒకటి అతని గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. మరణశిక్ష పొందినవాని శవమును మ్రానుకు వ్రేలాడదీసినయెడల రాత్రివరకు ఉంచక నాడే పాతిపెట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది, ఏలయనగా అట్టివాడు దేవుని శాపము క్రింద నున్నవాడు (ద్వితీ. 21:22, 23). మోషే కాలమున ఇది చంపబడిన తరువాత శవమును వ్రేలాడదీయుటను గూర్చిన మాట. జీవముతోనే మనుష్యులను సిలువ వేయు శిక్ష వచ్చిన తరువాత యూదులు ఆ వచనమును దీనికిని అన్వయించిరి. కుమ్రాను గుహలలో దొరికి 1977లో ప్రకటింపబడిన దేవాలయపు చుట్టలో సజీవునిగా మ్రానుకు వ్రేలాడదీయు శిక్ష కనబడుచున్నది; అట్లు వ్రేలాడినవాడు దేవునిచేతను మనుష్యులచేతను శపింపబడినవాడని అందున్నది. సిలువ వేయబడినవారిని సైతము యూదులు సూర్యాస్తమయమునకు ముందే దించి పాతిపెట్టుచుండిరని చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. 1968లో యెరూషలేము ఉత్తర భాగమున త్రవ్వినప్పుడు, మడమ యెముకలో ఇనుప మేకు ఇంకను దిగియున్న ఒక యూదుని అస్థులు బయలుపడెను. ఎవరో అతనిని దించి గౌరవముగా సమాధిచేసిరి.

కాబట్టి సౌలు తలంపు ఇట్లుండెనని మేము గ్రహించుచున్నాము. మెస్సీయ దేవునిచే అభిషేకింపబడినవాడు. మ్రానున వ్రేలాడినవాడు దేవునిచే శపింపబడినవాడు. ఒక్కడే ఈ రెండును కాజాలడు. నజరేయుడైన యేసు మ్రానున వ్రేలాడెను. ఇక విచారణ యేల? ఈ తర్కములో పిచ్చితనమేమియు లేదు. సౌలును క్రూరుడని మాత్రమే పిల్లలకు బోధించుట మాకు సరిగా తోచదు. అతడు లేఖనమును నమ్మినందుననే హింసించెను. సమాజమందిరములలో విశ్వాసులను దండించి దేవదూషణ చేయుటకు బలవంతపెట్టితినని తరువాత తానే ఒప్పుకొనెను (అపొ. 26:11). ఆ దూషణ ఏదో లూకా వ్రాయలేదు. యేసు శాపగ్రస్తుడని పలికించుటయే అది యని మా తలంపు, ఎందుకనగా ఆ మాట ఎవడును ఆత్మవలన పలుకజాలడని కొరింథువారికి వ్రాసినవాడు ఇతడే (1 కొరింథీ. 12:3).

దమస్కు మార్గమున జరిగినది మీరెరుగుదురు. ఆ తర్కము కూలినది అక్కడనే. శపింపబడినవాడని తాను చెప్పినవాడే దేవుని మహిమలో నుండి తనను పేరుపెట్టి పిలిచెను. దేవుడు ఆయనను లేపి మహిమపరచినయెడల ఆ శాపము ఆయనదై యుండజాలదు. మరి ఎవరిది? మూడు దినములు కన్ను కానక, అన్నపానములు లేక సౌలు ఆ చీకటిలో ఏమి తలంచెనో లూకా చెప్పలేదు. పిమ్మట అరేబియా దేశమునకు పోయి, మూడు సంవత్సరములైన తరువాతనే యెరూషలేమునకు వచ్చితినని తానే వ్రాసియున్నాడు. అంత పెద్ద ప్రశ్నకు కాలము పట్టకపోవునా?

దానికి జవాబు గలతీయ పత్రికలో దొరుకుచున్నది. ఆ సంఘములలో కొందరు ప్రవేశించి, సున్నతి పొందనిదే అన్యులు దేవుని ప్రజలు కారని బోధించిరి. అంతియొకయలోనైతే పేతురు సహితము అన్యులతో భోజనము మానుకొని వేరుగా కూర్చుండెను. బల్లయొద్ద వేరుగా కూర్చుండబెట్టబడుట యననేమో, వేరు గ్లాసులో నీళ్లు త్రాగుట యననేమో మన సంఘములలోని పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. పౌలు పేతురును అందరియెదుట నిలువదీసెను. పత్రికలో ఏబాలు కొండమీది పండ్రెండవ శాపమును తీసికొని, ధర్మశాస్త్రమంతటిని నెరవేర్చనివాడెవడైనను దాని క్రిందనే యున్నాడని చూపెను. అట్లయిన యూదుడును ఉన్నాడు, పరిసయ్యుడును ఉన్నాడు, తానును ఉన్నాడు. అటుపిమ్మట ఆ మ్రానుమీది వచనమునే ఎత్తి, మెస్సీయ మనకొరకు శాపమాయెనని వ్రాసెను. తనను యేసునుండి దూరపరచిన వచనమే ఇప్పుడతనికి సువార్త వచనమాయెను. ఇక్కడ ఒక చిన్న సంగతి యున్నది. మోషే వ్రాతలో దేవుని శాపమని యుండగా, పౌలు ఎత్తి వ్రాసినప్పుడు దేవుని యను ఆ మాట విడిచిపెట్టెను. ఉద్దేశపూర్వకముగానే విడిచెనని మేము నమ్ముచున్నాము. కుమారుడు మన శాపము మోసెను గాని తండ్రికి అసహ్యుడు కాలేదు.

ఈ సంగతి వ్రాయుటకు ముందు మేము ఆ తల్లి యింటికి మరల పోతిమి. పుట్టు గ్రుడ్డివాని విషయమై వాడు గాని వాని కన్నవారు గాని పాపము చేసినందున కాదని ప్రభువు చెప్పిన సంగతిని (యోహాను 9) చదివి, శాపమేదైన ఉన్నను దానిని మోసినవాడు ఒకడున్నాడని చెప్పితిమి. ఆమె ఏమియు పలుకలేదు. లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చి యిచ్చెను.

అదే పత్రిక మొదట పౌలు, వేరొక సువార్త ప్రకటించువాడు అనాతెమ యగును గాక యని రెండుమారులు వ్రాసెను. కొందరు బోధకులు తమతో ఏకీభవింపనివారిమీద ఈ మాటను రాయివలె విసరుచున్నారు. పౌలు ఆ షరతు క్రింద మొదట తన్నుతానే ఉంచుకొనెనని వారు చూడరు. తామైనను, పరలోకపు దూతయైనను అని అతడు వ్రాసెను.

శాపము అతని పత్రికలలోనే గాక వీపుమీదను వ్రాయబడెను. లుస్త్రలో జనులు అతనిని రాళ్లతో కొట్టి, చచ్చెననుకొని ఊరి వెలుపలికి ఈడ్చిరి. సమాజమందిరములలో అయిదుమారులు ఒకటి తక్కువ నలువది దెబ్బలు తినెను (2 కొరింథీ. 11:24). ఈ దండన రీతి యూదుల మిష్నా గ్రంథములో నున్నది. అది సుమారు క్రీ.శ. 200 నాటికి సమకూర్చబడినది. దెబ్బలలో మూడవ వంతు ముందువైపునను, రెండు వంతులు వెనుకవైపునను కొట్టవలెను. కొట్టుచుండగా ఒకడు ద్వితీయోపదేశకాండము ఇరువదియెనిమిదవ అధ్యాయములోని శాపముల భాగమును చదువుచుండవలెను. దెబ్బలు ముగిసినతోడనే కొట్టబడినవాడు మరల సహోదరుడుగా ఎంచబడును.

సహోదరులారా, ఇక్కడ కొంచెము ఆగవలెనని కోరుచున్నాము. సమాజమందిరపు దండన యూదులలో నుండువానికే గాని బయటివానికి లేదు. పౌలు రోమా పౌరుడు. నేను మీవాడను కాను అని గడప దాటి పోయినయెడల ఆ కొరడా అతనికి తగిలియుండదు. పోలేదు. ఒకసారి కాదు, అయిదుసార్లు వీపు అప్పగించెను. మెస్సీయను విడువడు, తన జనులనును విడువడు. వారు శాపములు చదువుచుండగా దెబ్బలు తిని, లేచి, మరల వారి సహోదరుడై వచ్చు విశ్రాంతిదినమున మందిరమునకు పోయెను.

రోమీయులకు వ్రాసిన పత్రికలో ఈ ప్రేమ పొంగి పొరలినది. సుమారు 57లో కొరింథులో గాయు ఇంట నుండి అతడు చెప్పగా తెర్తియు వ్రాసెను. సుమారు 49లో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మనెను. అతని మరణము తరువాత వారు తిరిగి వచ్చుచుండిరి. ఈలోగా సంఘములో అన్యులే ఎక్కువై, విరిచివేయబడిన కొమ్మలను చూచి అతిశయపడసాగిరి. వారికే పౌలు తన దుఃఖము తెలిపెను: రక్తసంబంధులైన నా సహోదరుల కొరకు సాధ్యమైనయెడల నేనే మెస్సీయనుండి వేరైన అనాతెమగా ఉండ కోరుదునని (రోమా. 9:3). ఆకాను దొంగిలించినదానికి చెందిన మాటే ఇది. దూడను చేసిన జనులకొరకు మోషే తన పేరు తుడిచివేయుమని వేడినప్పుడు దేవుడు అంగీకరింపలేదు. పౌలుకును అది సాధ్యము కాదని తెలియును. అతని గ్రీకు వాక్యము తీరనిదని తెలిసిన కోరికవలె నున్నది. శాపము ఒక్కడే మోయగలిగెను, ఆయన మోసివేసెను. అయినను ఆ కోరిక అతని నోట వచ్చెను.

మంచి శుక్రవారపు ప్రసంగములలో యూదులు శపింపబడిన జాతి యని మేమును కొన్ని సంవత్సరములు పలికితిమి. ఎవరో చెప్పగా విని, పరీక్షింపక పలికితిమి. అట్టి బోధ తరతరములుగా వినిన ఐరోపా దేశములలో 1941 మొదలు 1945 వరకు సుమారు అరువది లక్షలమంది యూదులు చంపబడిరి. రోమా పత్రిక తొమ్మిదవ అధ్యాయమును మోకాళ్లమీద చదివినయెడల ఆ మాట మా నోట వచ్చియుండదు. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

ఆ పత్రిక పంపి యెరూషలేమునకు పోయినప్పుడు అతడు బంధింపబడెను. నలువదిమందికి పైగా మనుష్యులు, అతనిని చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకొనిరి. గ్రీకులో అది కేవలము ఒట్టు కాదు. తమ్మునుతాము అనాతెమ చేసికొనిరని యున్నది. తన జనులకొరకు అనాతెమగా ఉండగోరినవానిని చంపుటకు ఆ జనులలోనివారు అనాతెమ చేసికొనిరి. పౌలు మేనల్లుడు ఆ కుట్ర విని సహస్రాధిపతికి తెలిపెను. అతడు రాత్రి తొమ్మిది గంటలకు నాలుగువందల డెబ్బదిమంది సైనికులతో పౌలును కైసరయ త్రోవను పంపివేసెను. ఆ నలువదిమంది తరువాత భోజనము చేసిరో లేదో లూకా వ్రాయలేదు.

రెండు సంవత్సరములు కైసరయ చెరలో నుండి, ఓడ పగిలి, పౌలు తుదకు రోమాకు చేరెను. మూడు దినములైన తరువాత అతడు మొదట పిలిపించినది యూదులలో ముఖ్యులనే. తన జనులమీద నేరము మోపుటకు తాను రాలేదని చెప్పెను. నియమించిన దినమున వారు అనేకులు అతని బసకు రాగా ఉదయమునుండి సాయంకాలమువరకు మోషే ధర్మశాస్త్రములోనుండియు ప్రవక్తలలోనుండియు యేసును గూర్చి వారితో మాటలాడెను. కొందరు నమ్మిరి, కొందరు నమ్మలేదు. వారు తమలో తాము వాదించుకొనుచు వెళ్లిపోయిరి.

నీరో చక్రవర్తి కాలమున, సుమారు 64కును 67కును మధ్య, అతడు ఖడ్గముచేత చంపబడెనని తొలి సంఘము చెప్పుకొనుచు వచ్చెను. రోమా పౌరుని సిలువ వేయుట ఆచారము కాదు. కనుక ఏ మ్రానును గూర్చి అతడు అన్ని సంవత్సరములు ప్రకటించెనో ఆ మ్రాను అతనికి రాలేదు. అతని సమాధి యని చెప్పబడు చోట, రోమా నుండి ఓస్తియ రేవునకు పోవు త్రోవలో, నేటికిని ఒక ఆలయమున్నది.