కార్బురేటర్‌కు రూపమిచ్చిన మేబాక్

మహనీయులను స్మరించుకునే ఈ ప్రత్యేక సంచికలో నేను విల్‌హెల్మ్ మేబాక్ గారి గురించి రాస్తున్నాను. అరకులోయలో ప్రభుత్వ జీపుల మెకానిక్‌గా నాకు అన్నం పెట్టింది ఆయన రూపమిచ్చిన కార్బురేటరే.

మేబాక్ 1846 ఫిబ్రవరి 9న జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక వడ్రంగి ఇంట జన్మించారు. పదేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగారు. ఆశ్రమం వర్క్‌షాపులో డ్రాయింగ్ నేర్చుకున్నారు. అక్కడికి అధికారిగా వచ్చిన గాట్లీబ్ డైమ్లర్ ఈ కుర్రవాడి పనితనాన్ని గుర్తించారు. 1900లో డైమ్లర్ మరణించేదాకా ఆ స్నేహం నిలిచింది.

ఆ రోజుల్లో ఇంజను పీల్చే గాలి పెట్రోలు మీదుగా పోతూ ఆవిరిని వెంట తీసుకుపోయేది. తేలిక భాగం ముందే ఆవిరైపోయి, మిశ్రమం పూటకో తీరుగా ఉండేది. 1893లో మేబాక్ దీనికి విరుగుడు కనిపెట్టారు. ఫ్లోటు వల్ల గిన్నెలో పెట్రోలు మట్టం మారదు. గాలి సన్నని జెట్టులోంచి పెట్రోలును తుంపరగా లాక్కుంటుంది.

మన పెట్రోలు జీపుల్లోనూ ఇదే సూత్రం. అయితే కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది, జెట్టు మాత్రం మారదు. విశాఖలో సరిచేసిన బండి అనంతగిరి ఘాటు ఎక్కి, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి గాలికి పెట్రోలు ఎక్కువయ్యేది. ప్లగ్గుకు మసి పట్టేది, లాగుడు తగ్గేది. ఇంజను వేడెక్కాక మిక్స్చర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, నిలకడగా తిరిగేచోట ఆపేవాణ్ణి. అది ఐడ్లింగుకే సరిపోతుంది. కొండ మీదే ఉండిపోయే బండికి ఒక సైజు చిన్న మెయిన్ జెట్టు వేసేవాణ్ణి. ప్లగ్గు లేత గోధుమ రంగుకు వస్తే పని కుదిరినట్టే.

మేబాక్ రూపొందించిన 35 అశ్వశక్తుల పందెపు కారుకు ఇలాంటి కార్బురేటర్లు రెండు. రెండూ సమానంగా పెట్రోలు ఇవ్వకపోతే ఇంజను కుంటుతుంది. ఆ కారు 1901 మార్చిలో ఫ్రాన్సులోని నీస్ పోటీల్లో ఘనవిజయం సాధించింది. కంపెనీకి డైమ్లర్ పేరుంది. కారుకేమో దాన్ని తయారు చేయించిన వ్యాపారి ఎల్లినెక్ గారి కుమార్తె పేరు పెట్టారు. అదే మెర్సిడెస్. రూపకర్త పేరు మాత్రం ఎక్కడా లేదు. 1907లో ఆయన ఆ కంపెనీ విడిచి వెళ్లారు.

అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. ఒకప్పుడు మనమైతే పింఛను తీసుకుంటూ ఇంటిపట్టున ఉండిపోయిన వయసు! ఆయన 1909లో కుమారుడు కార్ల్‌కు తోడుగా నిలిచి, జెప్పెలిన్ ఆకాశనౌకల ఇంజన్ల తయారీకి శ్రీకారం చుట్టారు. 1921లో ఆ సంస్థ నుంచే మేబాక్ కారు వచ్చింది. ఉద్యోగంలో దక్కని పేరు అలా బానెట్ మీదికి ఎక్కింది.

1929 డిసెంబరు 29న, 83వ ఏట ఆయన కన్నుమూశారు. డైమ్లర్ సమాధి ఉన్న శ్మశానంలోనే ఆయనా విశ్రమిస్తున్నారు. ఇప్పుడు కార్లలో పెట్రోలు పాళ్లు కంప్యూటరు చూసుకుంటోంది. అయినా గాలికి తగ్గ పెట్రోలు ఇవ్వాలన్న సూత్రం పాతబడలేదు. పదవీ విరమణతో పని ఆగదన్న మేబాక్ జీవితపాఠమూ పాతబడదు.