థామస్ మిడ్‌గ్లీ: మన ఏసీ గ్యాస్ వెనుక ఉన్న మనిషి



ఎండాకాలం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. సముద్రం దగ్గర కాబట్టి ఒంటి మీద చెమట ఆరదు. అందుకే చాలా ఇళ్లలో ఒక గదికైనా ఏసీ పెట్టించుకుంటున్నాం. సీజన్ మొదలవగానే మెకానిక్‌ను పిలుస్తాం, గ్యాస్ తగ్గిందంటే నింపించుకుంటాం. ఆ గ్యాస్ ఏమిటి, ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు ప్రమాదం తెస్తుంది అని మాత్రం అడగం. ఈ నెల జీవితకథ ఆ గ్యాసుల కుటుంబాన్ని లోకానికి ఇచ్చిన థామస్ మిడ్‌గ్లీది. మీరు చదివాక హైస్కూల్లో ఉన్న మీ పిల్లలకూ చెప్పండి.

పట్టా మెకానికల్‌లో, పేరు కెమిస్ట్రీలో

మిడ్‌గ్లీ 1889 మే 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బీవర్ ఫాల్స్‌లో పుట్టారు. తండ్రి కూడా కొత్త వస్తువులు కనిపెట్టే మనిషే. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. కెమిస్ట్రీని ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకున్నారు. 1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ ప్రయోగశాలలో చేరడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

అక్కడ ఆయనకు అప్పగించిన మొదటి పెద్ద పని, కారు ఇంజిన్ టకటకా కొట్టుకోకుండా చేయడం. ఏళ్ల తరబడి ఒక్కొక్క పదార్థాన్నీ పరీక్షించి, 1921 డిసెంబరులో పెట్రోల్‌లో కలిపే సీసపు రసాయనాన్ని పట్టుకున్నారు. ఇంజిన్ శబ్దం ఆగింది, పేరు వచ్చింది. కానీ సీసం విషం. 1923లో ఆ విషం ఒంట్లో చేరి ఆయనే కొన్ని వారాలు పని మానేసి విశ్రాంతి తీసుకున్నారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ రసాయనం తయారయ్యే చోట అయిదుగురు కార్మికులు చనిపోయారు. ఆ వెంటనే మిడ్‌గ్లీ విలేకరుల ముందు దాన్ని చేతుల మీద పోసుకుని, ఒక నిమిషం పాటు వాసన పీల్చి, భయం లేదని చూపించారు. ఒక్క నిమిషం చూపిన దానికీ, ఏళ్ల తరబడి పీల్చిన దానికీ ఎంతో తేడా ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ ఆగేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

గినీపిగ్, అయిదు సీసాలు

1920ల నాటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. పైపు కారితే ఇంట్లో నిద్రపోతున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. 1929లో షికాగోలో మిథైల్ క్లోరైడ్ లీకై పలువురు చనిపోయారు. విషం కానిది, మంట అంటుకోనిది ఒకటి కావాలని కెటరింగ్ 1928లో మిడ్‌గ్లీని అడిగారు.

మిడ్‌గ్లీ, సహచరులు ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీ ఆవర్తన పట్టిక ముందు కూర్చున్నారు. మన పిల్లలు పదో తరగతిలో చదివే పట్టికే అది. ఏ మూలకాలు కలిస్తే మండే గుణం తగ్గుతుందో, ఏవి కలిస్తే విషం తగ్గుతుందో చూసుకుంటూ వెళ్లి ఫ్లోరిన్ దగ్గర ఆగారు. మూడు రోజుల్లోనే డైక్లోరోడైఫ్లోరోమీథేన్ అనే వాయువు తయారైంది. తర్వాత ఫ్రియాన్ పేరుతో లోకమంతా ఎరిగినది ఇదే.

దాని తయారీకి యాంటిమొనీ ట్రైఫ్లోరైడ్ కావాలి. అయిదు చిన్న సీసాలు తెప్పించారు. మొదటి సీసాతో చేసిన గ్యాస్‌ను గినీపిగ్‌కు పీల్పిస్తే దానికేమీ కాలేదు. రెండో సీసాతో చేసిన గ్యాస్ పీల్చిన గినీపిగ్ చచ్చిపోయింది. వెతికితే, ఆ సీసాలోని సరుకులో కల్తీ ఉండడం వల్ల గ్యాస్‌తో పాటు ఫాస్జీన్ పుట్టిందని తేలింది. మిగతా మూడు సీసాలూ అలాంటివే. కాస్టిక్ సోడాతో కడిగితే ఆ విషం పోయింది. మొదటే కల్తీ సీసా చేతికొచ్చి ఉంటే, ఈ వాయువు పనికిరాదని వదిలేసేవారేమో.

ఈ ఫాస్జీన్ పేరు గుర్తుంచుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువు అది.

కొవ్వొత్తి చూపని సంగతి

1930 ఏప్రిల్‌లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్‌గ్లీ ఈ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి మెల్లగా వదిలారు. ఆయనకేమీ కాలేదు, కొవ్వొత్తి ఆరిపోయింది. విషం కాదు, మండదు అని రెండూ ఒకేసారి రుజువయ్యాయి.

కానీ మండకపోవడం వేరు, మంటలో పడి విరగకపోవడం వేరు. ఈ గ్యాసులు గ్యాస్ వెల్డింగ్ మంటకో ఎర్రగా కాలిన లోహానికో తగిలితే విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే ఘాటైన ఆమ్లవాయువు పుడుతుంది. క్లోరిన్ ఉన్న గ్యాసుల నుంచి హైడ్రోజన్ క్లోరైడ్, కొద్దిగా ఫాస్జీన్ కూడా వస్తాయి. పాత ఏసీల్లోని ఆర్-22లో క్లోరిన్ ఉంది. కొత్త వాటిలోని ఆర్-32, ఆర్-410ఏలో క్లోరిన్ లేదు, అయినా ఫ్లోరిన్ వల్ల వచ్చే ప్రమాదం ఉంది. పైగా ఆర్-32కి కొంత మండే గుణం కూడా ఉంది. చాలా కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ అయితే మన వంటగ్యాస్‌కు చుట్టమే, సులభంగా అంటుకుంటుంది.

ఫాస్జీన్‌తో మరో చిక్కు ఉంది. పీల్చిన వెంటనే కొద్దిపాటి దగ్గుతో పోయినట్టే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది.

మన తీరం, మన పక్క జిల్లా

మన చేపలకూ రొయ్యలకూ ఐస్ ఇచ్చే ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నది అమ్మోనియా. చల్లబరచడంలో దానికి సాటి లేదు. లీకైతే మాత్రం కళ్లు, గొంతు, ఊపిరి మూడింటినీ పట్టేస్తుంది. వేడి చేసే చెరుపు గురించి మనకు దగ్గరి ఉదాహరణ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగినది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ శీతలీకరణ పదార్థం కాదు, చల్లగా నిల్వ ఉంచాల్సిన ద్రవం. లాక్‌డౌన్ రోజుల్లో దాని వేడి అదుపు తప్పి ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు.

చివరి రోజులు, ఆ తర్వాత

1940లో, 51 ఏళ్ల వయసులో మిడ్‌గ్లీకి పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. మంచం మీంచి లేవడానికి తాళ్లూ కప్పీలతో సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. 1944 నవంబరు 2న ఆ తాళ్లే మెడకు చుట్టుకుని ఆయన చనిపోయి కనిపించారు. అప్పటికి అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షులు ఆయనే.

ఫ్రియాన్ ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తుందని రోలాండ్, మొలీనా 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ అందులో చేరింది. ఎన్నో ప్రాణాలు కాపాడిన ఆవిష్కరణే ఆకాశానికి చిల్లు పెట్టింది. మిడ్‌గ్లీని దుర్మార్గుడు అనలేం. ఎదురుగా ఉన్న ప్రశ్నకు గొప్ప జవాబు ఇచ్చారు, ఆ పక్కన ఉన్న ప్రశ్న అడగలేదు. మన పిల్లలకు మార్కులతో పాటు ఆ రెండో ప్రశ్న అడిగే అలవాటూ రావాలి.

ఇంట్లో ఈ వేసవికి

• మెకానిక్ పైపు అతికేందుకు మంట వెలిగించే ముందు, లోపలి గ్యాస్ పూర్తిగా తీశారా అని అడగండి.
• పని జరిగే గదిలో తలుపులు, కిటికీలు తెరవండి. పిల్లల్ని, పెద్దవాళ్లని వేరే చోట ఉంచండి. దీపం, అగరుబత్తి, స్టవ్ ఆర్పేయండి.
• ఏసీ మీద రాసి ఉన్న రకం గ్యాసే నింపించండి. ఏడాదికోసారి నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు దాన్ని బాగుచేయించండి.
• ముక్కు మండే ఘాటు వాసన వస్తే పని ఆపించి అందరూ బయటికి రండి.
• పీల్చినవాళ్లకు అప్పుడు బాగానే ఉన్నా, డాక్టర్‌కు చూపించి ఏసీ గ్యాస్ కాలిన పొగ పీల్చారని చెప్పండి. 1 లేదా 2 రోజులు గమనిస్తూ ఉండండి.
• ఈ జాగ్రత్త మీకన్నా ఆ మెకానిక్‌కు ఎక్కువ అవసరం. రోజూ ఆ గాలి పీల్చేది ఆయనే.