ముల్లర్ ఉదయం మారింది

ధ్యానం అన్న మాట వినగానే అది మనది కాదన్నట్టు చూసేవారు మన సంఘాల్లో ఉన్నారు. కీర్తనల గ్రంథం మొదలయ్యేదే ధ్యానించే మనిషితో అని వారికి గుర్తుచేయాలి. ఇక ఇంట్లో ధ్యానం మొదలుపెట్టి, మనసు నిలవక, పది రోజులకే మానేసేవారు ఎక్కువమంది. జార్జ్ ముల్లర్ జీవితం వీరికోసమే అనిపిస్తుంది.

1805లో ప్రష్యాలో పుట్టిన ముల్లర్ బాల్యంలో భక్తి కనబడదు. తండ్రి డబ్బు దొంగిలించారు. హోటళ్ల బాకీలు ఎగ్గొట్టి 16 ఏళ్లకే జైలుకు వెళ్లారు. హాలే విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదివేటప్పుడు ఆయన దగ్గర దాదాపు 300 పుస్తకాలుండేవి, వాటిలో బైబిలు లేదు! సెమినరీ చదువులు చదివిన మాలాంటివారికి ఈ సంగతి కాస్త గుచ్చుకుంటుంది. 1825లో ఒక సాయంత్రం స్నేహితునితో ఒక ఇంటి కూడికకు వెళ్లారు. అక్కడ ఒకాయన మోకరించి ప్రార్థించడం చూశారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

1829లో ఇంగ్లండు చేరి, మరుసటి ఏడాది మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడారు. ఆమె అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో మన దేశానికి వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. అదే ఏడాది బ్రిస్టల్‌లో ముల్లర్ అనాథ గృహం తెరిచారు. పిల్లల అవసరాలకోసం ఏ మనిషినీ చెయ్యిచాచి అడగలేదు, దేవుణ్ణే అడిగారు.

అంతటి ప్రార్థనాపరుడికీ ఒక ఇబ్బంది ఉండేది. సుమారు పదేళ్లపాటు ఉదయం లేవగానే ప్రార్థనకు మోకరించేవారు. మనసు ఎటెటో తిరిగేది. పావుగంట, అరగంట, ఒక్కోసారి గంట గడిస్తేగాని నిజంగా ప్రార్థన సాగేది కాదు.

1841 వసంతకాలంలో నైల్స్‌వర్త్ అనే ఊళ్లో ఉండగా ఆయనకు ఒకటి తేటపడింది. రోజులో తన మొదటి పని సేవ కాదు, తన ఆత్మ ప్రభువునందు ఆనందించడం. ఆకలిగా ఉన్న ఆత్మకు ముందు ఆహారం పెట్టాలి. అందుకని కొత్త నిబంధన మొదటినుంచి తెరిచారు. ప్రభువు సహాయం క్లుప్తంగా అడిగి, ఒక్కో వచనం దగ్గర ఆగి, అందులో తన ఆత్మకు ఏముందో వెదికేవారు. ప్రసంగం కోసం కాదు, తనకోసం. కాసేపటికే ఆ వచనం ఆయన్ని పాపపు ఒప్పుకోలుకో, స్తుతికో, ఇతరులకోసం విజ్ఞాపనకో నడిపించేది. అది ముగిశాక తరువాతి వచనం. ప్రార్థన అలా దానంతటదే వచ్చేది. పెద్ద అక్షరాల కొత్త నిబంధన పట్టుకుని పొలాల్లో నడుస్తూ కూడా ఇలా ధ్యానించేవారు. మోకాళ్ల నొప్పులున్న మన పెద్దలు డాబామీద నడుస్తూ ఇదే చేయవచ్చు.

దీనికి వేరే గది అక్కర్లేదు. పొయ్యి వెలిగించకముందు పావుగంట, మార్కు సువార్తలో ఒక్క వచనం చాలు. మనసు తప్పిపోతే తిట్టుకోనక్కర్లేదు, మళ్లీ అదే వచనం దగ్గరికి రావాలి. సెల్‌ఫోన్ మాత్రం పక్క గదిలో ఉండాలి.

ఆ అలవాటును ముల్లర్ విడిచిపెట్టలేదు. ఆయన జీవితకాలంలో 10,024 మంది పిల్లలు ఆ గృహాల్లో పెరిగారు. 1898 మార్చి 9 సాయంత్రం ప్రార్థన కూడిక నడిపించి పడుకున్నారు. మర్నాడు ఉదయం టీ తీసుకెళ్లినవారికి మంచం పక్కన నేలమీద కనిపించారు. అప్పటికే ప్రభువు సన్నిధికి చేరారు, 92 ఏళ్ల వయసులో.