గూడ్సుబండికి ఒక దండ

1956లో ఏర్పడిన విజయవాడ రైల్వే డివిజనుకు 2026తో డెబ్బయ్యేళ్లు నిండుతున్నాయి. స్టేషను అంతకంటే పెద్దది. 1888లో అది వెలిసింది, మరుసటేడు సికింద్రాబాదు నుంచి నిజాం రైలు వచ్చి కలిసింది, 1893లో కృష్ణమీద వంతెన పడింది. అప్పటిదాకా కాలవల్లో పడవలెక్కి తిరిగిన డెల్టా ధాన్యం ఆపైన పట్టాలెక్కింది. ఈ పండగవేళ పాయింట్స్‌మన్లకూ గ్యాంగ్‌మన్లకూ కళాసీలకూ లోకో పైలట్లకూ పేరుపేరునా అభినందనలు.

ఇలాంటి సందర్భాల్లో పొగడ్తలన్నీ ఎక్స్‌ప్రెస్‌లకే పోతాయి. నా దండ మాత్రం గూడ్సుబండికి. డెల్టా బియ్యాన్నీ, నూజివీడు మామిడినీ, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గునూ మోసింది అదే. పైగా చూడ్డానికి ఎంత బాగుండేదని! ఎర్రమట్టి రంగు వ్యాగన్లు, వాటి పక్కల మీద సుద్దముక్కతో గీసిన ఊళ్ల పేర్లు, చిట్టచివర గార్డు పెట్టె. ఆ సుద్దరాతలు రాసినతను తనను కళాకారుడని ఏనాడూ అనుకుని ఉండడు. నా లెక్కలో యార్డుకి తొలి చిత్రకారుడు అతనే.

మరి ఆ వ్యాగన్లతో కిటకిటలాడిన యార్డులు తర్వాత ఎందుకు బోసిపోయాయి? ఒకప్పుడు బండిలో ఒక్కో వ్యాగనుది ఒక్కో ఊరు. యార్డులో విడదీసి, షంటింగ్ చేసి, ఏ దారివి ఆ దారికి మళ్లీ కూర్చి పంపేవారు. 1980ల నుంచి బండి బండంతా ఒకే సరుకుతో ఒకే చోటికి నడపడం పెరిగింది. రైల్వేకి లాభం అందులోనే, కాదనను. ఒకటి రెండు వ్యాగన్ల సరుకు మాత్రం లారీల పాలైంది. చిన్న స్టేషన్లలో గూడ్సు షెడ్లకు పని లేకపోయింది. గార్డు అన్న పేరు కూడా 2022లో ట్రైన్ మేనేజర్‌గా మారిపోయింది. 

పని లేకుండా పోయిన రైల్వే చోట్లకు కళ రెండో బతుకు ఇవ్వగలదు. పారిస్‌లో ఓర్సే స్టేషను 1986లో మ్యూజియమైంది. అది రాజభవనంలాంటి కట్టడం, దాని సంగతి వేరు. మన యార్డుల తీరుకు దగ్గరిది బెర్లిన్‌లోని స్యూడ్‌గెలెండే. పని ఆగిపోయిన యార్డులో వాటంతటవే మొలిచిన చెట్లనూ, కింది పట్టాలనూ అలాగే ఉంచి 2000లో పార్కుగా తెరిచారు. ఇనుప శిల్పాలు పెట్టారు, గోడల మీద బొమ్మలు వేసుకోనిస్తున్నారు.

శిల్పుల కోసం మనం దూరం పోనక్కర్లేదు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర అనే తండ్రీకొడుకులు పాత వాహనాల నట్లూ బోల్టులూ గొలుసులతో నిలువెత్తు విగ్రహాలే నిలబెట్టారు. వ్యాగను ఇనుము వాళ్ల చేతికొస్తే ఏమవుతుందో చూడాలని నాకు మహా ఆశ.

డివిజను అధికారులకు ఒక్క మనవి. కాలం చెల్లిన వ్యాగన్లను తుక్కు కింద వేలం వేసేముందు రెండు పక్కన పెట్టండి. వాడకంలో లేని గూడ్సు షెడ్డొకటి ఎంచి, తాళం తీసి, ఈ డెబ్బయ్యో ఏట డెల్టా కళాకారులకు అప్పగించండి.