గడప దాటించిన చీరకట్టు: జ్ఞానదానందినీ దేవి జీవితం

1864లో కలకత్తాలోని జోరాసాంకో ఠాగూర్ భవనానికి ఒక చిత్రమైన చిక్కు ఎదురైంది. ఆ ఇంటి రెండవ కుమారుడు సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఇండియన్ సివిల్ సర్వీసుకు ఎంపికైన తొలి భారతీయుడిగా ఇంగ్లండు నుంచి తిరిగివచ్చి, బొంబాయి ప్రెసిడెన్సీలో ఉద్యోగంలో చేరబోతున్నారు. భార్యను వెంట తీసుకుపోతానన్న ఆయన కోరికను తండ్రి దేవేంద్రనాథ్ ఎట్టకేలకు మన్నించారు. అయితే పద్నాలుగేళ్లు నిండిన ఆ ఇల్లాలు ఏ దుస్తులతో ఓడ ఎక్కాలన్నది ఎవరికీ తోచలేదు. బయటికి వెళ్లేటప్పుడు కట్టుకునే బట్ట అంటూ బెంగాల్ సంపన్న కుటుంబాల స్త్రీలకు లేనే లేదు. వారు బయటికి వెళ్లరాదు కనుక అలాంటి బట్ట అవసరమే ఏర్పడలేదు.

ఆ ఇల్లాలే జ్ఞానదానందినీ దేవి. నేడు ఆమె పేరు చెప్పగానే ఆధునిక చీరకట్టు గుర్తుకు వస్తుంది. ఆ కట్టు వెనుక ఉన్నది అలంకారాసక్తి కన్నా అవసరమే.

ఆమె 1850 జూలై 26న జెస్సోర్ జిల్లా నరేంద్రపూర్‌లో జన్మించారు. ఆ గ్రామం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి అభయచరణ్ ముఖోపాధ్యాయ్, తల్లి నిస్తారిణీ దేవి. ఠాగూర్లు పిరాలీ బ్రాహ్మణులు. తక్కిన బ్రాహ్మణ శాఖలు వారితో వియ్యమందేవి కావు. అందువల్ల కోడళ్ల కోసం వారు తరచుగా జెస్సోర్ ప్రాంతం వైపే చూసేవారు. చక్కని ముఖం గల పసిపిల్లలను చూసి రమ్మని ఇంటి దాసీలను పంపడం ఆ కుటుంబంలో వాడుక. అలా ఏడెనిమిదేళ్ల వయసులో జ్ఞానదానందిని జోరాసాంకో చేరారు. అత్త శారదాదేవి పర్యవేక్షణలో కొత్త కోడళ్ల ఒంటికి నలుగు పెట్టి మేని ఛాయ తేలేలా చేసేవారు. తెల్లని మేను, మేలిముసుగులో వంచిన తల, పెదవి దాటని మాట: ఆ కాలపు బెంగాలీ గృహిణి సౌందర్యానికి ఇవే కొలతలు. ఇంటి ఆడవారికి గంగాస్నానం చేయాలని కోరిక కలిగితే, మూసిన పల్లకీని మనిషితో సహా నదిలో ముంచి తీసుకువచ్చేవారు.

అలాంటి లోగిలిలో ధరించే వస్త్రం కూడా అందుకు తగినట్టే ఉండేది. ఒకే ఒక్క చీరను కుచ్చెళ్లు లేకుండా ఒంటికి చుట్టి, కొసను భుజం మీదుగా వేసుకునేవారు. లోపల పావడా గానీ పైన రవిక గానీ ఉండేవి కావు. ధనవంతుల ఇళ్లలో ఆ చీర ఎంత పల్చగా ఉంటే అంత గొప్ప. పరపురుషుడి కంట పడని చోట, బెంగాల్ ఉక్కపోతలో, ఆ కట్టులో తప్పేమీ లేదు. గడప దాటాలన్నప్పుడు మాత్రం అదే సంకెల అయ్యేది. స్త్రీని లోపల ఉంచడానికి కట్టుబాట్లు ఒక కారణమైతే, బయటికి రావడానికి తగిన బట్ట లేకపోవడం మరొకటి. ఈ రెండవ దాని గురించి సంస్కర్తలైన పురుషులు ప్రసంగాలలో అంతగా పట్టించుకోలేదు.

సత్యేంద్రనాథ్ ఆ కాలానికి చాలా ముందున్న భర్త. పెళ్లయిన తొలినాళ్లలో తన స్నేహితుడు మన్‌మోహన్ ఘోష్‌కు భార్యను పరిచయం చేయాలని ఆయనకు ముచ్చట కలిగింది. పరపురుషుడు అంతఃపురంలోకి అడుగుపెట్టే వీలు లేదు. అందుకని రాత్రివేళ ఇద్దరూ అడుగులో అడుగు వేసి, ఒక్కరే నడుస్తున్నట్టు శబ్దం చేస్తూ పడకగదికి చేరారు. దోమతెరలో ఒక పక్క ముసుగు వేసుకున్న బాలిక, మరో పక్క బిగుసుకుపోయిన అతిథి. ఇద్దరి నోటా మాట రాలేదు. కొంతసేపటికి సత్యేంద్రనాథ్ స్నేహితుణ్ణి అదే విధంగా వెనక్కి తీసుకుపోయారు. చదివి నవ్వుకోదగిన ఘటనే అయినా, పట్టుబడితే ఆ రాత్రి ఇబ్బంది అనుభవించవలసింది భార్యే.

1862లో ఇంగ్లండు వెళ్లిన సత్యేంద్రనాథ్ ఆమెను కూడా అక్కడికి పంపమని తండ్రికి రాశారు. దేవేంద్రనాథ్ ఒప్పుకోలేదు. అయితే కోడళ్ల చదువుకు ఆయన అడ్డు చెప్పలేదు. మరిది హేమేంద్రనాథ్ ముందు ముసుగుతోనే కూర్చుని ఆమె బెంగాలీ సాహిత్యం చదువుకున్నారు.

ఇక బొంబాయి ప్రయాణానికి ఒక ఫ్రెంచి దుకాణంలో ప్రాచ్యరీతి పేరుతో ఒక దుస్తు కుట్టించారు. దాన్ని తనంతట తాను తొడుక్కోవడం ఆమెకు సాధ్యపడలేదు, భర్త సాయం పట్టవలసి వచ్చింది. ఇంటి ముంగిట బండి ఎక్కించాలని సత్యేంద్రనాథ్ కోరగా, కోడలు నలుగురి ముందు వాకిలి దాటి నడవడం పరువు తక్కువని పెద్దలు అభ్యంతరం చెప్పారు. చివరికి ఓడ దాకా ఆమెను పల్లకీలోనే తీసుకుపోయారు.

బొంబాయిలో ఆ దంపతులు పార్శీ ప్రముఖుడు మానక్‌జీ కర్సెట్‌జీ ఇంట కొన్ని నెలలు ఉన్నారు. 1863లో బాలికల కోసం ఇంగ్లీషు పాఠశాల నెలకొల్పిన సంస్కర్త ఆయన. ఆయన కుమార్తెలు పరదా లేకుండా అతిథులతో కలిసి కూర్చునేవారు. కడిగినట్టు శుభ్రంగా, ఒద్దికగా చీర కట్టుకుని వీధిలో తిరిగేవారు. జ్ఞానదానందిని ఫ్రెంచి దుకాణపు దుస్తును పక్కన పెట్టి, వారి దగ్గర చీరకట్టు నేర్చుకున్నారు. అయితే ఉన్నదున్నట్టు తీసుకోలేదు. పార్శీ, గుజరాతీ స్త్రీలు చెంగును కుడి భుజం మీదికి తెచ్చుకునేవారు. ఆమె దాన్ని ఎడమ భుజానికి మార్చారు. అలా కుడిచేయి పనికి, పలకరింపుకు స్వేచ్ఛగా మిగిలింది. లోపల పావడా, షెమీజు, పైన రవిక లేదా జాకెట్టు తోడయ్యాయి. విదేశీ గౌను తొడగకుండా, చీరను వదలకుండా, నలుగురిలో నిలబడగల రూపం ఒకటి సిద్ధమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆధునిక చీరకట్టును ఆమె ఒక్కరే కనిపెట్టారన్న ప్రచారం అతిశయోక్తి. కుచ్చెళ్లు, ఎడమ భుజాన పైట గల నీవి కట్టును తెలుగు నేలకు, దక్కనుకు ముడిపెట్టి చెబుతారు. దేశంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో కట్టు అంతకుముందే ఉంది. ఆమె చేసింది బెంగాల్ మధ్యతరగతి స్త్రీకి బయటి ప్రపంచానికి పనికివచ్చే దుస్తును సమకూర్చడం, ఆపైన దాన్ని తన ఇంటికే పరిమితం చేయకుండా పంచిపెట్టడం. వామాబోధినీ పత్రికలో ప్రకటన ఇచ్చి, నేర్చుకోదలచిన వారికి తానే నేర్పుతానని తెలియజేశారు. ఒక పెద్దింటి కోడలు చీరకట్టు నేర్పుతానని పత్రికలో ముందుకు రావడానికి, ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. మొదట నేర్చుకున్న వారిలో సివిల్ సర్వీసు ఉద్యోగి బిహారీలాల్ గుప్తా భార్య సౌదామిని ఒకరు. కలకత్తా దాన్ని బొంబాయి కట్టు అంది. బ్రహ్మసమాజ మహిళలు విరివిగా కట్టడంతో బ్రాహ్మికా చీర అన్న పేరూ వచ్చింది. తర్వాతి కాలంలో కేశవచంద్ర సేన్ కుమార్తె, కూచ్ బెహార్ మహారాణి సునీతి దేవి వంటివారు భుజాన పిన్ను చేర్చి మరికొంత మెరుగుపరిచారు.

ఆ కట్టుతో ఆమె కలకత్తాకు తిరిగివచ్చినప్పుడు స్వాగతం దక్కలేదు. కోడలు పల్లకీలో కాక బండిలో వచ్చి, వాకిట్లో దిగి నడిచి లోపలికి రావడం చూసి ఇంట్లో ఎవరో పోయినంత పని జరిగింది. బంధువర్గంలోని స్త్రీలు ఆమెతో కలిసి భోంచేయడానికి వెనుకాడారు. 1866లో వైస్రాయ్ సర్ జాన్ లారెన్స్ ఇచ్చిన విందుకు ఆమె హాజరయ్యారు. బెంగాలీ గృహిణి అక్కడికి వస్తుందన్న ఊహే లేని కొందరు ఆమెను భోపాల్ బేగంగా పొరబడ్డారట. పాథురియాఘాటా శాఖకు చెందిన ప్రసన్నకుమార్ ఠాగూర్ మాత్రం గుర్తుపట్టి, తమ ఇంటి కోడలు అందరి ఎదుట కనిపించిందన్న సిగ్గుతో విందు విడిచి వెళ్లిపోయారు.

తర్వాతి ఏళ్లు పశ్చిమ భారతంలో ఊరు మారుతూ సాగాయి. 1872లో సురేంద్రనాథ్, 1873లో ఇందిర పుట్టారు. 1877లో ఆమె పిల్లలను వెంటబెట్టుకుని, అప్పటికి గర్భవతిగా ఉండి కూడా, భర్త తోడు లేకుండా ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. పరదా దాటడమే నేరమైన కాలంలో సముద్రం దాటడం పెద్ద సంచలనం. ఆ సాహసాన్ని పొగిడేవారు దాని ఖరీదును తరచుగా మరిచిపోతారు. అక్కడ పుట్టిన బిడ్డ బతకలేదు. చిన్న కుమారుడు కవీంద్రనాథ్ కూడా ఆ పరాయి నేలపైనే కన్నుమూశాడు. 1878లో సత్యేంద్రనాథ్ తన పదిహేడేళ్ల తమ్ముడు రవీంద్రనాథ్‌తో కలిసి వచ్చేదాకా ఆమె ఆ దుఃఖాన్ని ఒంటరిగానే మోశారు. బ్రైటన్‌లోని ఆ ఇల్లే యువకవికి విదేశంలో మొదటి ఆశ్రయమైంది.

1880లో తిరిగివచ్చాక ఆమె జోరాసాంకో ఉమ్మడి లోగిలిలో ఇమడలేదు. కలకత్తాలోనే వేరుగా కాపురం పెట్టారు. ఇంట్లో పిల్లలకు పుట్టినరోజు జరిపే అలవాటును ఆమే తెచ్చారు. 1885లో బాలల కోసం బాలక్ అనే మాసపత్రిక నడిపారు. అది ఏడాదే నిలిచినా, రవీంద్రనాథ్ రాజర్షి నవల అందులోనే మొదలైంది. 1883లో రవీంద్రనాథ్ భార్యగా వచ్చిన పదేళ్ల మృణాళినీ దేవికి చదువూ నడతా నేర్పే బాధ్యత కూడా ఈ వదినగారిదే అయింది. ఆ పిల్లది కూడా జెస్సోర్ ప్రాంతమే. రాజా ఓ రాణీ నాటకంలో మరిది రవీంద్రనాథ్ రాజుగా, తాను రాణిగా వేదికనెక్కినప్పుడు సనాతన పత్రిక వంగవాసి ఎగతాళి చేసింది. వదినా మరుదులు భార్యాభర్తల వేషం కట్టడం ఆ సమాజానికి మింగుడుపడలేదు.

ఆమె తెచ్చిన మార్పుకు మరో ముఖం కూడా ఉంది. షెమీజు, జాకెట్టు గౌరవ చిహ్నాలైనకొద్దీ, అవి లేకుండా ఒంటిచీరతో పొలంలోనూ వంటింట్లోనూ పనిచేసే పేద స్త్రీ మర్యాద తెలియనిదిగా కనిపించసాగింది. విక్టోరియా కాలపు ఆంగ్లేయుల సిగ్గు బెంగాల్ మధ్యతరగతి ఇంటికి వచ్చి కొత్త కొలబద్దగా స్థిరపడింది. మేని ఛాయ, మేలిముసుగుల స్థానంలో భద్రమహిళ వేషం వచ్చి కూర్చుంది. దీనికి జ్ఞానదానందినిని నిందించడం న్యాయం కాదు. కానీ ఆ మార్పు అందరికీ ఒకేలా అందలేదన్నది నిజం.

కూతురు ఇందిర 1892లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రురాలైంది. 1956లో విశ్వభారతికి తాత్కాలిక ఉపకులపతిగా కూడా పనిచేసింది. కొడుకు సురేంద్రనాథ్ తన పినతండ్రి నవల ఘరే బాయిరేను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఇల్లూ వాకిలీ మధ్య నలిగే స్త్రీ కథను ఆ తల్లి కొడుకే అనువదించడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన సంగతి.

1923లో సత్యేంద్రనాథ్ మరణించారు. జ్ఞానదానందినీ దేవి 91 ఏళ్లు జీవించి, 1941 అక్టోబర్ 1న కన్నుమూశారు. రవీంద్రనాథ్ మరణించి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. దేశమంతా ఇంకా కవి కోసం దుఃఖిస్తున్న వేళ ఆమె మరణవార్త అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. ముసుగు చాటున చదివిన పాఠాలూ, పల్లకీలో ఓడ దాకా సాగిన ప్రయాణమూ ఆమె మాటల్లోనే గ్రంథస్థం కావడానికి మరికొంత కాలం పట్టింది. ఇందిర కూర్చిన ఆ స్మృతుల సంపుటి పురాతనీ 1957లో వెలువడింది.